కిస్తీకి ఉన్న తారీఖు గోలీకి ఎందుకు లేదు?

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి శ్రీ దామోదర రాజనర్సింహ గారికి బహిరంగ లేఖ

మద్నూర్, కామారెడ్డి జిల్లా



మీ జోగిపేట మీదుగా వచ్చే 161వ నంబరు జాతీయ రహదారి పిట్లం దాటి మా మద్నూర్‌కు చేరుతుంది. ఇంకాస్త ముందుకు పోతే సలాబత్‌పూర్ దగ్గర తెలంగాణ అయిపోతుంది. ఆ తర్వాత దెగ్లూర్, నాందేడ్. జిల్లా కేంద్రం కామారెడ్డి కంటే పక్క రాష్ట్రంలోని దెగ్లూరే మాకు దగ్గర. ఇక్కడ ఒకరు తెలుగులో పిలిస్తే ఇంకొకరు మరాఠీలో పలుకుతారు. బజారులో ఉర్దూ, కొన్ని ఊళ్లలో కన్నడ. పత్తి, సోయా, కంది, జొన్న మా పంటలు. సరిహద్దు మండలాల నుంచి మంత్రులకు వచ్చే ఉత్తరాలు మామూలుగా డాక్టర్ పోస్టుల గురించో, అంబులెన్సు గురించో ఉంటాయి. ఆ అవసరాలు మాకూ ఉన్నాయి. ఈ ఉత్తరం మాత్రం ఒక చిన్న వస్తువు గురించి. సర్కారు దవాఖానలో ఉచితంగా ఇచ్చిన బీపీ గోలీ, షుగర్ గోలీ ఇంటికి చేరాక ఏమవుతుందన్నదే నా విషయం.

2023 జూన్‌లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని లెక్క కట్టింది. పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి బీపీ ఉందని కూడా చెప్పింది. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ పరీక్ష చేయాలన్న జాతీయ కార్యక్రమం కింద ఆశాలు, ఏఎన్‌ఎంలు ఇల్లిల్లూ తిరిగారు, తిరుగుతున్నారు. రోగం ఉందని చెప్పడం ఒకరోజు పని. గోలీ వేసుకోవడం బతికినంత కాలం పని. దీర్ఘకాలిక జబ్బులకు మందులు చెప్పినట్టు వాడేవాళ్లు సంపన్న దేశాల్లోనే సగటున సగం మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే రాసింది. పేద దేశాల్లో ఇంకా తక్కువట. కాబట్టి దీన్ని మద్నూర్ వాళ్ల బద్ధకం అనో, పల్లెటూరి వాళ్ల మొండితనం అనో కొట్టిపారేయడానికి లేదు. మనిషి స్వభావమే అంత. మన ఏర్పాట్లు ఆ స్వభావాన్ని లెక్కలోకి తీసుకున్నాయా లేదా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

మా వైపు ఏ ఇంటికి వెళ్లినా గోలీలు ఎక్కడున్నాయని వెతకనక్కర్లేదు. గోడకు మేకు, మేకుకు మెడికల్ షాపు కవర్. అందులో మూడు నాలుగు రకాల షీట్లు. కొన్ని కత్తెరతో కోసినవి, మందు పేరున్న ముక్క ఒకటి, తారీఖు ఉన్న ముక్క ఇంకొకటి. పాత చిట్టీ, కొత్త చిట్టీ, ఎప్పటిదో రక్తపరీక్ష కాగితం కలిసి ఒకే మడతలో ఉంటాయి. చదువు రాని పెద్దవ్వకు గోలీ గుర్తు దాని రంగే. తెల్లది పొద్దున, పచ్చది రాత్రికి. సరఫరా చేసే కంపెనీ మారినప్పుడు అదే మందు వేరే రంగులో వస్తుంది. అప్పుడామె ఇది తనది కాదనుకుని పక్కన పెడుతుంది, లేదంటే పాతదీ కొత్తదీ రెండూ వేసుకుంటుంది. రెండింటికీ మనం పెట్టే పేరు నిర్లక్ష్యం.

పత్తి ఏరే కాలంలో కథ ఇంకోలా ఉంటుంది. షుగర్‌కు ఇచ్చే గ్లిమెపిరైడ్ తిండికి ముందు వేసుకోవాలి, వేసుకున్నాక వేళకు తినాలి. తినకపోతే షుగర్ పడిపోతుంది. కూలికి పోయే మనిషి తెల్లారగానే గోలీ మింగి ఆటో ఎక్కుతుంది. సద్ది విప్పేది చేను కాడ, పొద్దు బాగా ఎక్కాక. ఆలోపే చెమటలు, వణుకు, కండ్లు తిరుగుడు. ‘ఈ గోలీ నాకు పడుతలేదు’ అని ఆమె తీర్మానించుకుంటుంది. తను చూసినదాన్ని బట్టి ఆమె తీర్మానం సబబే. ఆనాటి నుంచి కూలి ఉన్న రోజుల్లో గోలీ బంద్. దానితోపాటు ఏ పాపం ఎరగని మెట్‌ఫార్మిన్ కూడా బంద్. బీపీకి అమ్లోడిపిన్ వాడేవాళ్లలో కొందరికి పాదాలు వాస్తాయి. డోసు తగ్గిస్తేనో, వేరే మందు ఇస్తేనో సరిపోయేదానికి మందే మానేస్తారు. అసలు బీపీ అన్నది నొప్పి పెట్టదు, దగ్గు తెప్పించదు. గోలీ మానిన మర్నాడు ఏమీ కాదు, వారమైనా ఏమీ కాదు. అయ్యేది ఏళ్ల తర్వాత, పక్షవాతంగానో గుండెపోటుగానో కిడ్నీల చేటుగానో. ఇవాళ్టి చేదుకూ ఎప్పటికో వచ్చే మేలుకూ మధ్య ఉన్న ఆ దూరాన్ని ఏ మనసూ సులువుగా దాటలేదు.

దీనికి మన దగ్గర ఎప్పుడూ ఒకటే చికిత్స: అవగాహన. సదస్సు పెడతాం, ర్యాలీ తీస్తాం, ఫ్లెక్సీ కడతాం. గోలీ ఎందుకు వేసుకోవాలో ఆ పెద్దవ్వనే అడిగి చూడండి. వాడకట్టులో కాలూ చేయీ పడిపోయిన మనిషి ఉదంతంతో సహా చెబుతుంది. ఆమెకు తెలుసు. తెలిసినదాన్ని రోజూ చేయగలిగే ఏర్పాటే ఆమె చుట్టూ లేదు.

ఇదే మనిషి మహిళా సంఘం కిస్తీ మాత్రం తప్పదు. పంట దెబ్బతిన్నా, ఇంట్లో పెండ్లి ఉన్నా, చేబదులు తెచ్చయినా కడుతుంది. అంటే పట్టుదల లేని మనిషి కాదు. మరి కిస్తీకి ఉన్నదేమిటి, గోలీకి లేనిదేమిటి? కిస్తీకి ఒక తారీఖు ఉంది. ఒక పుస్తకం ఉంది, కట్టిందెంతో మిగిలిందెంతో అందులో ఎక్కుతుంది. కట్టే చోటు ఊళ్లోనే ఉంది. తప్పితే ‘ఏమైంది వదినా?’ అని అడిగే మనిషి ఉంది. గోలీ సంగతి చూడండి. తారీఖు లేదు, అయిపోయినప్పుడు రమ్మంటారు. పుస్తకం లేదు, చిట్టీ ఉంది. చోటు మండల కేంద్రంలో, అదీ పొద్దటి పూట, పోయిరావడానికి ఒక కూలి ఖర్చు. తప్పితే అడిగే మనిషి లేదు, మళ్లీ కనిపించినప్పుడు కసురుకునే మనిషి ఉంది. ఈ ఉత్తరం మొత్తం ఆ నాలుగింటి గురించే. తారీఖు, పుస్తకం, చోటు, అడిగే మనిషి. ఈ నాలుగూ గోలీకి కూడా అమర్చండి అన్నదే నా విన్నపం.

ఇది నా సొంత కనిపెట్టుడు కాదు. మనుషులను భయపెట్టకుండా, జరిమానా వేయకుండా, వద్దనుకునే హక్కు తీసేయకుండా, మేలైన పని చేయడం సులువయ్యేలా చుట్టూ ఉన్న ఏర్పాట్లను మార్చడం గురించి ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్, న్యాయశాస్త్రవేత్త కాస్ సన్‌స్టీన్ 2008లో ఒక పుస్తకమే రాశారు. అప్పటి నుంచి ప్రభుత్వాలు దాన్ని ‘నడ్జ్’ అంటున్నాయి. థేలర్‌కు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. పుస్తకం సంగతి అటుంచితే, మన దేశంలో చేసి చూసిన పనులే నాకు ఎక్కువ పాఠం చెప్పాయి. వాటిలో నాలుగింటిని మీ ముందు పెడతాను.

మొదటిది రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లా. పిల్లల టీకాల మీద ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో బృందం సేవా మందిర్ సంస్థతో కలిసి చేసిన ప్రయోగ ఫలితాలు 2010లో వచ్చాయి. ఏ మార్పూ చేయని ఊళ్లలో టీకాలన్నీ పూర్తయిన పిల్లలు 6 శాతం. చెప్పిన రోజున తప్పకుండా శిబిరం జరిగిన ఊళ్లలో 18 శాతం. అలాంటి శిబిరానికే వచ్చిన తల్లికి కిలో పప్పు, టీకాలన్నీ పూర్తయితే భోజనం పళ్లేలు ఇచ్చిన ఊళ్లలో 39 శాతం. అందరికీ గుర్తుండేది పప్పు. నాకు మాత్రం ఆ 18 ముఖ్యంగా కనిపిస్తుంది. చెప్పిన తారీఖుకు చెప్పిన చోట మనిషి ఉండటం ఒక్కటే మూడు రెట్లు చేసింది. ఆ నమ్మకం లేని చోట పప్పు పెట్టినా ఎవరొస్తారు?

రెండోది చెన్నై డాక్టర్లది. షుగర్ అంచున ఉన్న 537 మంది మగవాళ్ల మీద డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసిన ప్రయోగం 2013లో అచ్చయింది. తిండి, కసరత్తు గురించి ఫోన్‌కు క్రమం తప్పకుండా చిన్న సందేశాలు అందుకున్నవాళ్లలో 18 శాతం మందికి షుగర్ వచ్చింది. అందుకోనివాళ్లలో 27 శాతం మందికి వచ్చింది. పైసల్లో తేలే పనికి ఇది చిన్న ఫలితం కాదు. అయితే వాళ్లు ఉద్యోగాలున్నవాళ్లు, సొంత ఫోన్లున్నవాళ్లు, సందేశం చదువుకోగలిగినవాళ్లు. మా దగ్గర పెద్దవ్వ పేరు మీద దవాఖానలో రాసుకున్న నంబరు కొడుకుది. కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు. ఇంగ్లిష్‌లో సందేశం అతని ఫోన్‌లో మోగి అక్కడే ఆగిపోతుంది.

మూడోది కోయంబత్తూరు. షుగర్ ఉన్నవాళ్లు రోజుకు 10,000 అడుగులు నడిస్తే పరిశోధకులు కొద్దిపాటి మొబైల్ రీచార్జి ఇచ్చి చూశారు. నడక 20 శాతం దాకా పెరిగింది. పట్నానికి పనికొచ్చే పద్ధతే. పొద్దంతా వంగి పత్తి ఏరే మనిషికి నడవమని చెబితే మాత్రం నవ్వుతుంది. ఒకచోట పనిచేసినదాన్ని ఇంకోచోటికి ఎత్తుకొచ్చేటప్పుడు ఆ చోటి బతుకును చూడాలి.

నాలుగోది మన తెలుగు నేల మీదిదే, పైగా ఓటమి కథ. అందుకే దాన్ని మీరు ముఖ్యంగా చూడాలి. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల కింద ఉన్న 54 ఊళ్లలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్లు ఆశాల చేతికి ట్యాబ్లెట్ కంప్యూటర్లు ఇచ్చారు. ఎవరికి గుండెజబ్బు ముప్పు ఎంతో లెక్కగట్టి, ఎవరిని డాక్టర్ దగ్గరికి పంపాలో ఆ యంత్రమే చెబుతుంది, ఎవరిని మళ్లీ కలవాలో గుర్తు చేస్తుంది. ఆశాలు తమ పని తాము చేశారు. అయినా 2019లో వచ్చిన ఫలితాల్లో, బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల శాతంలో యంత్రం ఉన్న ఊళ్లకూ లేని ఊళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నేను దీన్ని ఇలా అర్థం చేసుకుంటాను. గుర్తు చేయడం గుమ్మం దాకా తీసుకుపోతుంది. గుమ్మం లోపల డాక్టరూ మందూ ఉండాలి కదా.

ఈ నాలుగింటినీ కలిపి చూస్తే తేలేది వరస. ముందు మందు నిల్వ, చెప్పిన రోజున తెరిచి ఉండే తలుపు. ఆ తర్వాతే గుర్తు చేయడం, ప్రోత్సహించడం. వరస తలకిందులైతే మిగిలేది ఫోన్‌లో మోగే మరో సందేశం. అంటే మొదటి నడ్జ్ పడాల్సింది రోగి మీద కాదు, దవాఖాన మీద.

అయ్యా, మన రాష్ట్రం ఈ దారిలో ఖాళీ చేతులతో లేదు. బీపీ అదుపు కోసం ఐసీఎంఆర్, కేంద్ర ఆరోగ్య శాఖ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2017 చివర్లో మొదలుపెట్టిన కార్యక్రమంలో మొదటి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. మిగతావి పంజాబ్, కేరళ, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర. అందరికీ ఒకే సులువైన మందుల వరస, కొరత లేని సరఫరా, నర్సులూ ఆశాలూ పంచుకునే పని, రోగి ఇంటికి దగ్గరగా మందు, ప్రతి రోగి లెక్క. దాని అయిదు సూత్రాలు ఇవే. 2022లో ఆ కార్యక్రమానికి ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది. అదే ఏడాది మన రాష్ట్రం బీపీ, షుగర్ రోగుల కోసం ఎన్‌సీడీ (అసాంక్రమిక వ్యాధుల) కిట్ తెచ్చింది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని అరలున్న గోలీల సంచి అది. నా దృష్టిలో ఈ రాష్ట్రంలో తయారైన మంచి నడ్జ్‌లలో అదొకటి. అది వెనకటి ప్రభుత్వం తెచ్చిందని పక్కన పెట్టకండి. దాని లోపం ఒక్కటే. సంచి ఇస్తే సరిపోదు, నెలనెలా అరలు నింపే చేయి ఉండాలి. నింపే చేయి లేని సంచిలో తాళంచెవులు, పింఛన్ కాగితాలు చేరతాయి.

ఇక మద్నూర్, డోంగ్లి మండలాల కోసం నేను కోరేవి.

మొట్టమొదట నిల్వ. బీపీకి, షుగర్‌కు వాడే మందులు మహా అయితే అరడజను. వాటిలో ఏదైనా ఒక నెల అవసరం కంటే కిందికి పడగానే, ఎవరూ ఇండెంటు రాయనక్కర్లేకుండా రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థ గోదాం నుంచి సరుకు బయలుదేరాలి. ఇప్పుడు అడిగితే వస్తుంది. అడగకపోయినా వచ్చేలా, వద్దంటేనే ఆగేలా మార్చండి. కంపెనీ మారి గోలీ రంగు మారినప్పుడు పాతదీ కొత్తదీ పక్కపక్కన అతికించిన అట్ట ముక్క ఒకటి ఆశా చేతిలో ఉండాలి. దీనికి అయ్యే ఖర్చు జిగురు డబ్బా.

రెండోది తారీఖు. రోగి వెళ్లేటప్పుడు ‘అయిపోయినప్పుడు రా’ అనకుండా, మళ్లీ వచ్చే తారీఖు రాసి ఇవ్వాలి. ఆ తారీఖు ఊళ్లో సంఘం సమావేశం జరిగే రోజైతే ఆడవాళ్లకు అనుకూలం. మగవాళ్లు సంఘానికి రారు. వాళ్లు దొరికేది అంగడి నాడు, పింఛన్ నాడు. పింఛన్ పడిందంటే ఏ సందేశం అక్కర్లేకుండా ఘడియలో ఊరంతా తెలుస్తుంది. ఆ పూట పోస్టాఫీసు పక్కన ఒక బల్ల, బీపీ మిషను, గోలీల పెట్టె ఉంటే చాలు. అలాగే పత్తి, సోయా పనులు ముమ్మరంగా ఉండే నెలల్లో వారానికి ఒక్కరోజైనా బీపీ–షుగర్ క్లినిక్ పొద్దుగూకే వేళ నడపండి. పొద్దటి ఓపీకి రావాలంటే కూలి మనిషి ఆనాటి కూలిని వదులుకోవాలి. ఉచిత మందుకు మేం కడుతున్న ధర అదే. బీపీ నిలకడగా ఉన్నవాళ్లకు ఒక్కసారే రెండు నెలల మందు ఇస్తే తిరుగుడు సగం తగ్గుతుంది, దవాఖానలో వరస కూడా తగ్గుతుంది.

మూడోది పుస్తకం. సంఘం పాస్‌బుక్కంత చిన్నది, పెద్ద అక్షరాలది. తెలుగు ఒకవైపు, మరాఠీ ఒకవైపు. వచ్చిన ప్రతిసారీ బీపీ ఎంతో, షుగర్ ఎంతో అంకె రాయాలి. పక్కనే చేరాల్సిన అంకె. 140/90 కంటే తక్కువైతే ఆకుపచ్చ ముద్ర, ఎక్కువైతే ఎర్ర ముద్ర. చదువు రానివాళ్లు కూడా ముద్ర రంగు చదవగలరు. తన అంకె తన చేతిలో ఉన్న మనిషి దాన్ని పట్టించుకుంటుంది. దవాఖాన కంప్యూటర్‌లో దాగిన అంకె ఆమెకు లేనట్టే. ఆ పుస్తకంలో డాక్టర్ అడగాల్సిన ప్రశ్నలు కూడా రెండు అచ్చు వేయించండి: ‘పనికి ఎన్నింటికి పోతవు? మొదటి బువ్వ ఎన్నింటికి తింటవు?’ ఈ రెండూ అడిగితే గ్లిమెపిరైడ్ వేళ మార్చవచ్చు, లేదా ఆ గోలీ సద్ది మూటలోనే కట్టి పంపవచ్చు. బీపీ గోలీనైతే పొద్దటి చాయ్‌తో జత చేయమని చెప్పవచ్చు. మా దగ్గర మందు మరిచిపోయే మనిషి ఉంటుంది గానీ చాయ్ మరిచిపోయే మనిషి ఉండదు.

నాలుగోది అడిగే మనిషి. తారీఖు దాటి వారమైనా రానివాళ్ల పేర్లు ఆశాకు చేరాలి. ఆమె ఇంటికి పోయి ‘గోలీ వేసుకుంటున్నావా?’ అని అడిగితే ఎవరైనా వేసుకుంటున్నాననే అంటారు. ‘గోలీతోని ఏమైతుంది?’ అని అడగాలి. కండ్లు తిరుగుడు, కాళ్ల వాపు, కొడుకు ఫోన్ సంగతి అప్పుడు బయటపడతాయి. ఫోన్ సందేశాలకు బదులు గొంతుతో వెళ్లే కాల్ పెట్టండి, తెలుగు, మరాఠీ, ఉర్దూ, కన్నడల్లో ఇంటివాళ్లు ఎంచుకున్న భాషలో. అదీ ఇంట్లో నిజంగా ఉండే ఫోన్‌కు.

అయిదోది సరిహద్దు. మా వాళ్లు సగానికి సగం దెగ్లూర్ డాక్టర్ల చిట్టీల మీద నడుస్తుంటారు. చేతిలో డబ్బున్న నెల అక్కడ కొంటారు, లేని నెల మానేస్తారు. ఆ చిట్టీ తెచ్చినవాళ్లను కొత్త రోగిగా మొదటి నుంచి తిప్పకుండా, దానికి సరిపడే సర్కారు గోలీ ఆ రోజే ఇచ్చి పుస్తకం మొదలుపెట్టాలి. బీపీ కార్యక్రమంలో మహారాష్ట్ర కూడా మొదటి నుంచి ఉంది కాబట్టి అక్కడా ఇక్కడా నడిచేది దాదాపు అవే మందులు. రెండు రాష్ట్రాల అధికారులు ఒక్క బల్ల ముందు కూర్చుంటే ఒక పూటలో తేలే విషయం.

తిండి మాటకొస్తే, సలహాలు చెప్పడం తేలిక. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం పథకం మనిషికి 6 కిలోలు ఇస్తోంది, జనం సంతోషంగా తింటున్నారు. మాది జొన్న రొట్టె తిన్న నేల, ఇప్పటికీ జొన్న పండే నేల. అడిగిన కుటుంబానికి ఆరు కిలోల్లో ఒకటో రెండో జొన్నలుగా తీసుకునే వీలు రేషన్ డీలర్ దగ్గర పెట్టి చూడండి. జొన్న రొట్టెతో షుగర్ పోతుందని నేననను. పళ్లెంలో ఏముండాలన్నది చాలావరకు సంచిలో ఏముందో నిర్ణయిస్తుందంతే. మా లోక్‌సభ నియోజకవర్గంలోనే, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు 1990లలోనే ఊరి జొన్నలతో సొంత రేషన్ నడిపి చూపించారు. దూరం పోయి నేర్చుకోనక్కర్లేదు.

ఇప్పుడు హద్దులు. సంఘాన్ని ఉదాహరణగా తెచ్చాను కాబట్టి సంఘాల చరిత్రలోని చీకటి పుటను కూడా ముందుంచాలి. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఇదే గుంపు బలాన్ని వసూళ్లకు వాడుకున్నాయి. కిస్తీ తప్పిన మనిషి ఇంటి ముందు తోటి ఆడవాళ్లనే కూర్చోబెట్టారు. పరువు పోయి ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఆ అక్టోబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఆపాల్సి వచ్చింది. కాబట్టి కిస్తీ నుంచి తారీఖు తీసుకుందాం, పుస్తకం తీసుకుందాం. ఒత్తిడి తీసుకోవద్దు. గోలీ వేసుకోనివాళ్ల పేర్లు సంఘంలో చదవకూడదు, పంచాయతీ గోడ మీద రాయకూడదు. పెండ్లి కావాల్సిన ఆడపిల్లకు షుగర్ ఉందని నలుగురిలో తెలిస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. పుస్తకం ఆమెది, చూపించాలా వద్దా అన్నది ఆమె ఇష్టం.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. పింఛన్‌కూ గోలీకీ ముడి పెట్టవద్దు. రెండూ ఒకేచోట దొరకవచ్చు, ఒకదానికి ఇంకొకటి షరతు కాకూడదు. ‘బీపీ చూపించుకుంటేనే పింఛన్’ అని ఏ ఉత్సాహవంతుడైన అధికారి అన్నా ఆ క్షణం నుంచి అది బలవంతం. జనం బీపీ చూపించుకుంటారు, గోలీలు మాత్రం చెత్తకుప్పలో వేస్తారు. ప్రభుత్వం మీద ఉన్న కాస్త నమ్మకం కూడా ఆ కుప్పలోకే పోతుంది.

ఆశాల సంగతి కూడా చెప్పాలి. నెలకు 18,000 రూపాయల స్థిర వేతనం కోసం ఆశాలు రోడ్డెక్కిన రాష్ట్రం మనది. వాళ్ల చేతికి ఇంకో రిజిస్టర్, ఇంకో యాప్ ఇచ్చి దాన్ని సంస్కరణ అనకండి. గోలీల సంచి నింపినందుకు, రాని మనిషిని కలిసినందుకు ఇంత అని లెక్కగట్టి ఇవ్వండి. బదులుగా ఇప్పుడు రాసే రిజిస్టర్లలో ఎవరూ చదవనివి ఏవో చూసి రెండింటిని తీసేయండి. మనుషుల చుట్టూ ఉన్న ఏర్పాట్లను సులువు చేయాలన్న సూత్రం ఆశాకు కూడా వర్తించాలి కదా.

ఇందులో ఏదీ డాక్టర్ పోస్టుకు బదులు కాదు. ఖాళీ కుర్చీని ఎంత తెలివైన పుస్తకమూ నింపలేదు. ఖర్చు తక్కువ అన్న కారణంతో నడ్జ్‌లను పట్టుకుని ఆస్పత్రుల బడ్జెట్ తగ్గిస్తే ఈ ఉత్తరం రాసినందుకు నేనే సిగ్గుపడాలి. తక్కువ ఖర్చుతో అయ్యే పనిని ఎక్కువ ఖర్చయ్యే పని పక్కన నిలబెట్టమంటున్నాను, దాని స్థానంలో కాదు.

చివరగా, ఈ ఏర్పాట్లను ఆరు నెలలు మా రెండు మండలాల్లో నడిపి చూడమని కోరుతున్నాను. మొదలుపెట్టే ముందు ఒక అంకె తీయించండి: పేరు నమోదైన ప్రతి 100 మంది బీపీ రోగుల్లో ఎందరికి 140/90 కంటే తక్కువగా ఉంది. ఎందరికి పరీక్ష చేశాం, ఎన్ని గోలీలు పంచాం అన్న లెక్కలు మాకొద్దు. ఆరు నెలల తర్వాత అదే అంకె మళ్లీ తీయించి, పాతదీ కొత్తదీ పక్కపక్కన దవాఖాన గోడ మీద తెలుగులో, మరాఠీలో రాయించండి. పెరిగితే ఏ ఏర్పాటు వల్ల పెరిగిందో తేల్చి జుక్కల్, బిచ్కుంద, పిట్లం మండలాలకు తీసుకుపోండి. పెరగకపోతే పెరగలేదనే రాయించండి. పశ్చిమ గోదావరి వాళ్లు తమ ఫలితాన్ని దాచి ఉంటే ఇవాళ నేను ఈ వరస గురించి మీకు రాయగలిగేవాణ్ని కాదు.

ఇట్లు,
మద్నూర్ మండల వాసి